వేటబండి కథ: ఎద్దుల కాడి నుంచి జీపు దీపం దాకా

టెక్సస్‌లో డల్లస్ దగ్గర స్థిరపడిన మా మేనల్లుడు కిందటి నెలలో ఫోన్ చేశాడు. అక్కడి స్నేహితులతో కలిసి ఈ శీతాకాలం జింకల వేటకు వెళ్ళాలని వాడి ఉత్సాహం. పాత జీపు ఒకటి బేరమాడాడట. దాన్ని అడవికి తగినట్టు సిద్ధం చేయించాలట. "మామయ్యా, తాతగారి జీపుకు ఏమేమి అమర్చారో మీకే కదా తెలుసు, కాస్త వివరంగా రాసి పంపండి" అన్నాడు. మా ఇంటి హాల్లో గోడ మీది దుప్పికొమ్ముల కింద నిలబడి వాడు చిన్నప్పుడు తీయించుకున్న ఫోటో ఇప్పటికీ వాడి దగ్గర ఉంది. ఆ కొమ్ముల వెనుక కథ మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. తాతగారు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అడుగుజాడలు పట్టి నడిచి, ఒక్క తూటాతో పడగొట్టారని ఆ కథ.

రాసి పంపుతానన్నాను. రాయడానికి కూర్చుంటే కలం కదలలేదు. కారణం చివర చెబుతాను. ముందు చరిత్ర చెప్పాలి. మా నాన్నగారి జీపు ఒంటరిగా పుట్టిన వస్తువు కాదు. దాని వెనుక చాలా బండ్లు ఉన్నాయి.

వేటలో బండికి మూడు పనులు. మనిషిని అడవి దాకా చేర్చడం మొదటిది. పడిన జంతువును ఇంటికి తేవడం రెండవది. ఈ రెండింటికీ ఏ బండి అయినా సరిపోతుంది. మూడవది, బెదిరిపోయే జంతువుకు మనిషిని దగ్గర చేయడం. వేటబండి చరిత్ర అంతా ఈ మూడవ పని చరిత్రే అని నాకనిపిస్తుంది.

మన దేశంలో ఈ పనికి తొలి బండి ఎద్దుబండే. పొలాల అంచున మేసే కృష్ణజింక మనిషిని చూస్తే పారిపోతుంది గాని ఎద్దుబండిని చూసి పారిపోదు. తరతరాలుగా దానికి ఆ కిర్రు చప్పుడు అలవాటు. వేటగాళ్ళు ఈ నమ్మకాన్నే వాడుకున్నారు. బండి చాటున నడిచి దగ్గరకు చేరేవారు. రాజుల వేటలో బండి మీద మనిషికి బదులు చీతా కూర్చునేది. కళ్ళకు గంతలు కట్టిన చీతాను బండి మీద మంద దగ్గరకు తీసుకుపోయి, గంతలు విప్పి వదిలేవారు. కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో కూర్పించిన మానసోల్లాసంలోనే చీతాతో వేట ప్రసక్తి ఉంది. అక్బరు కాలానికి అది పెద్ద రాజవినోదమైంది. 20వ శతాబ్దం వచ్చేసరికి మన అడవుల్లో చీతాలు దొరకడం అరుదై, కొల్హాపూర్, భావనగర్ వంటి సంస్థానాలు ఆఫ్రికా నుంచి వాటిని తెప్పించుకున్నాయి. ఎద్దుబండి మీద కూర్చుని వేటకు పోయిన ఈ జంతువును పాఠకులు గుర్తుంచుకోవాలి. ఈ కథలో అది మరోసారి వస్తుంది.

పెద్దపులి వేటకు ఎద్దుబండి చాలదు. హిమాలయ పాదాల్లోని ఎత్తయిన గడ్డి మైదానాల్లో ఏనుగే వాహనం. మన దక్కను అడవుల్లో ఎక్కువగా మంచె, దాని వైపు జంతువును తోలుకొచ్చే జనం. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్‌కు పులివేటగాడిగా పెద్ద పేరు. ఆయన ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్ దయాళ్ తీసిన షికారు చిత్రాలు నేటికీ మిగిలి ఉన్నాయి. 1902లో వైస్రాయి కర్జన్ ప్రభువు సతీసమేతంగా హైదరాబాదు రాజ్యానికి వేటకు వచ్చినప్పుడు, చచ్చిన పులి వెనుక ఆ దంపతులు నిలబడిన చిత్రం వాటిలో ప్రసిద్ధం. చూసిన ప్రతిసారీ నాకు ఆ చిత్రంలో లేనివారే కనిపిస్తారు. డప్పులు కొడుతూ, కేకలు వేస్తూ తెల్లవారకముందే తుప్పల్లోకి దిగిన గ్రామస్థులు. ఒక దొర ఒక పులికి దగ్గర కావడానికి అంతమంది నడవాలి. ఆ అంతమంది అవసరమే వేటకు ఒక హద్దుగా ఉండేది. ఏ జమీందారైనా రోజూ రాత్రి ఊరంతటినీ లేపి అడవికి తోలలేడు కదా.

ఆ హద్దును చెరిపింది మోటారు.

తొలినాటి కార్లకు మన దారులు పరీక్షలు. 1908లో బొంబాయి నుంచి కొల్హాపూర్ వరకు కనుమల మీదుగా జరిగిన పోటీలో రోల్స్ రాయిస్ వారి సిల్వర్ ఘోస్ట్ కారు నెగ్గింది. దానిని గ్వాలియరు మహారాజు కొన్నారు. అక్కడి నుంచి సంస్థానాధీశులకు ఆ కారంటే మోజు. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదంలో పసుపురంగు రోల్స్ రాయిస్‌ను మీలో చాలామంది చూసే ఉంటారు. ఆరవ నిజాము పురమాయించినది అది. చేతికి అందేలోగా, 1911లోనే ఆయన కన్నుమూశారు. అది సింహాసనాన్ని మోసే కారు. రాజు జనానికి కనపడటానికి చేసిన బండి. జంతువుకు రాజు కనపడకుండా ఉండటానికి చేసిన కార్లు వేరే ఉన్నాయి. వాటినే షికారు కార్లు అన్నారు.

వాటిలో బాగా పేరుపడ్డది కోటా మహారావు రెండవ ఉమేద్ సింగ్ కోసం 1925లో తయారైన ఫాంటమ్ కారు. దాని ఇంజను ఏడున్నర లీటర్లకు పైబడినది. పైకప్పు బట్టది, విప్పేయవచ్చు. మిట్టపల్లాల్లో మెల్లగా, ఆగకుండా పోవడానికి అనువుగా గేర్లను దించి అమర్చారు. ముందు మామూలు దీపాలతోపాటు, చీకట్లో జంతువును వెదకడానికి పెద్ద సర్చిలైట్లు బిగించారు. తుపాకులకు ప్రత్యేకంగా చోటు కల్పించారు. ఇటువంటి కార్లలో ఆడంబరం సంగతి అలా ఉంచి, అమరిక వెనుక ఆలోచన చూడండి. నేలకు ఎత్తుగా ఉన్న చట్రం, పెద్ద చక్రాలు, నెమ్మదిగా పోయే గేరు, తెరిచిన పైభాగం, తుపాకి ఆనడానికి చోటు, తిప్పగలిగే దీపం. వందేళ్ళు గడిచినా అడవి బండికి కావలసినవాటి పట్టిక ఇదే. మా మేనల్లుడు చదివి వినిపించిన పట్టికలో కొత్తగా చేరినవి ఇనుపతాడు చుట్టే విన్చి, రెండు చక్రాలనూ కలిపి బిగించే డిఫరెన్షియల్ తాళం మాత్రమే.

ఆ పట్టికలో చివరిది, దీపం, తక్కినవాటి వంటిది కాదు. చక్రం, గేరు, చట్రం దారితో పని చేస్తాయి. దీపం జంతువుతో పని చేస్తుంది. రాత్రి సంచరించే జంతువుల కంటి వెనుక అద్దంలాంటి పొర ఒకటి ఉంటుంది. లోపలికి వచ్చిన కాస్త వెలుగునూ అది మరోసారి కంటిలోకి తిప్పి పంపుతుంది. ఆ పొరవల్లనే అవి చీకట్లో చూడగలవు. ఆ పొరవల్లనే మన దీపం పడినప్పుడు వాటి కళ్ళు నిప్పుకణికల్లా మెరుస్తాయి. చీకటికి అలవాటుపడిన ఆ కంటికి సర్చిలైటు వెలుగు తగిలితే ఇక ఏమీ కనపడదు. ఎటు పారిపోవాలో తెలియక నిలబడిపోతుంది. వేటగాళ్ళు దాన్ని జంతువు మూర్ఖత్వం అనేవారు. ప్రాణం కాపాడటానికి ప్రకృతి ఇచ్చిన కన్నే ప్రాణం తీసే గురి అయింది.

ఇది తప్పని ఆనాడే అన్నవారున్నారు. తూర్పు ఆఫ్రికాలో వేటకు దారి చూపే వృత్తిలో ఉన్న డెనిస్ ఫించ్ హాటన్, సెరెంగెటీ మైదానంలో కార్లలో తిరుగుతూ సింహాలను కుప్పలుగా కాల్చడాన్ని 1920ల చివర లండన్ టైమ్స్ పత్రికలో తీవ్రంగా ఖండించాడు. తుపాకి బదులు కెమెరా పట్టమన్నాడు. అతను సాధువేమీ కాదు, వేట మీద బతికినవాడు. వేటగాడికే ముందు సిగ్గనిపించింది. సాహిత్యాభిమానులకు మరో ఉదాహరణ చెబుతాను. 1936లో హెమింగ్వే రాసిన ఫ్రాన్సిస్ మెకోంబర్ కథలో అడవిదున్నలను కారులో తరమడం ఒక కీలక ఘట్టం. అది చట్టవిరుద్ధమని, బయటపడితే తన లైసెన్సు పోతుందని దారి చూపే వేటగాడికి తెలుసు. కథలో మనుషుల మధ్య పరువు లెక్కలన్నీ ఆ కారు చుట్టూ తిరుగుతాయి.

మన దేశంలో ఆ సిగ్గు ఆలస్యంగా వచ్చింది. 1947లో, నేటి ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న కొరియా సంస్థానపు రాజు రామానుజ ప్రతాప్ సింగ్ దేవ్ ఒక రాత్రి మోటారులో పోతున్నాడు. దీపాల వెలుగులో మూడు చీతాలు ఒకచోట కనిపించాయి. మూడూ మగవే, బహుశా ఒక తల్లి పిల్లలే. మూడింటినీ కాల్చాడు. ఆ సంగతి 1948లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో అచ్చయింది. సంపాదకులు తమ ఏవగింపును దాచుకోలేదు. చెత్తబుట్టలో వేద్దామనుకున్నామని, మెచ్చుకోలుగా కాక నేరారోపణగా వేస్తున్నామని అర్థం వచ్చేలా రాశారు. భారతదేశంలో చీతా కనిపించిన నమ్మదగిన చివరి ఆధారాలుగా ఆ మూడు కళేబరాలే నిలిచాయి. 1952లో ఆ జంతువు దేశంలో అంతరించిందని ప్రకటించారు. ఎద్దుబండి ఎక్కి రాజుల కోసం వేటాడిన చీతా చివరికి ఒక రాజు మోటారు దీపం ముందు ముగిసిపోయింది. 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి ఎనిమిదింటిని తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనో అడవిలో వదిలేదాకా, 70 ఏళ్ళు ఈ నేల మీద అడవి చీతా లేదు.

అయినా అది రాజు కారు. రాజులు కొద్దిమంది. అంతలో జీపు వచ్చింది.

అమెరికా సైన్యం కోరిక మీద 1940లో బాంటమ్ కంపెనీ కోసం కార్ల్ ప్రోబ్స్ట్ అనే ఇంజనీరు తొలి నమూనా గీశాడు. దానిని విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు మెరుగుపరచి యుద్ధకాలంలో ఆరు లక్షలకు పైగా తయారుచేశాయి. రెండు గజాలకు కాస్త ఎక్కువ దూరంలో ముందు వెనుక చక్రాలు, 60 గుర్రాల బలమున్న ఇంజను, బలాన్ని నాలుగు చక్రాలకూ పంచే పెట్టె, ముందుకు మడిచి పడుకోబెట్టగల గాలి అద్దం. కోటా మహారావు కారు చేయగలిగిన పనులన్నీ ఇది చేస్తుంది. పైగా ఆ కారు దిగబడే చోట ఇది దిగబడదు, దిగబడినా నలుగురు కలిసి బయటికి లాగవచ్చు. యుద్ధం ముగిశాక సైన్యం అమ్మేసిన జీపులు కాంట్రాక్టర్లకు, షావుకార్లకు, అధికారులకు చవకగా దొరికాయి. 1940ల చివర మహీంద్రా వారు బొంబాయిలో విల్లీస్ జీపులను కూర్చడం మొదలుపెట్టారు. ఆ జీపే మన దేశంలో రోడ్లు వేసింది, ఆనకట్టలు కట్టింది, ఎన్నికల పెట్టెలు మోసింది, టీకాలు మోసింది. దాని మేలు మరచిపోతే అన్యాయం. కాని పగలు ఆనకట్ట దగ్గర తిరిగిన జీపే రాత్రి దీపం పెట్టుకుని అడవిలో తిరిగింది. స్వాతంత్ర్యం తర్వాతి తొలి సంవత్సరాల్లో జీపులు, దీపాలు, పంట రక్షణ పేరుతో ఇచ్చిన తుపాకులు కలిసి చేసిన నాశనాన్ని ఇ.పి. జీ వంటివారు కళ్ళారా చూసి రాశారు. జీ పుస్తకం 1964లో వచ్చింది. ముందుమాట నెహ్రూది. ఆ మరుసటి ఏడాది సర్గూజా మహారాజు, తాను చంపిన పులుల సంఖ్య 1150 అని జార్జ్ షాలర్ అనే శాస్త్రవేత్తకు ఉత్తరం రాశాడు. అది ఒప్పుకోలు కాదు, లెక్క చెప్పడం.

ఇక మా నాన్నగారి జీపు.

మాది నర్సంపేట వైపు పల్లె. నాన్నగారు కూపు కాంట్రాక్టులు చేసేవారు. బానెట్టు ఎత్తుగా ఉండే మహీంద్రా జీపు మాకు ఉండేది. అద్దం మడిచి దాని మీద గోనెసంచి పరిచేవారు, తుపాకి ఆనడానికి. వెనుక రెండు నీళ్ళ డబ్బాలు, గడ్డపార, తాడు, ఒక గొడ్డలి. బ్యాటరీ నుంచి తీగ లాగి చేత్తో పట్టుకునే పెద్ద దీపం ఒకటి తగిలించారు. అది పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. 1967 వేసవిలో ఒక రాత్రి ఆ మనిషిని నేను. నాకప్పుడు పన్నెండేళ్ళు.

కాకతీయుల నాటి పాకాల చెరువుకు పోయే అడవులవి. ఇంజను నిమ్మళంగా మూలుగుతోంది. "మెల్లగా తిప్పు, కళ్ళు మెరిస్తే ఆపు, చెయ్యి వణకనీయకు" అన్నారు నాన్నగారు. తిప్పాను. ఒక మలుపులో ఆకుపచ్చగా జంటజంటలుగా కళ్ళు మెరిశాయి. దుప్పుల మంద. ముందు కొమ్ములవాడు నిలబడి ఉన్నాడు. నేను దీపం ఆపాను. చెయ్యి వణకలేదు. నాన్నగారు సీటు మీంచి లేవలేదు. రెండుసార్లు పేలింది. కొమ్ములవాడు పడ్డాడు. పక్కనున్న ఒక ఆడదుప్పి వెనుక కాలు ఈడ్చుకుంటూ తుప్పల్లోకి పోయింది. నేను దీపాన్ని దాని వెంటే తిప్పాను. "వదిలెయ్, ఇటు చూపించు" అన్నారు. ఇటు చూపించాను.

మా హాల్లో గోడ మీదివి ఆ కొమ్ములే. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడవలేదు. ఒక్క తూటా కాదు. కథ ఎప్పుడు ఎలా మారిందో నాకు తెలియదు. నాన్నగారు అబద్ధం చెప్పినట్టు కూడా గుర్తులేదు. చుట్టాలు చెప్పుకుంటూ పోయారు, ఆయన కాదనలేదు, నేనూ కాదనలేదు. పోయేముందు ఒకసారి నాతో, "ఆ రాత్రి దీపం నువ్వు బాగా పట్టావురా" అన్నారు, మెచ్చుకోలుగా. చిన్నప్పుడు ఆయన నన్ను మెచ్చుకున్న సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఆ మాటకు సంతోషించానా, కుంగిపోయానా అంటే రెండూ.

1970లో పులివేటను దేశమంతటా నిషేధించారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఆ ఏటి లెక్కలో దేశం మొత్తం మీద తేలిన పులులు 1827. 1973లో ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది. 2022 అంచనాలో పులుల సంఖ్య 3,682. అసలు చట్టంలోని 17వ ప్రకరణం నాకు ఎంతో ఆసక్తికరంగా తోచింది. మోటారు బండి మీది నుంచి వేటాడరాదు, బండితో జంతువును తరమరాదు, ఒకటి రెండు మినహాయింపులతో తప్ప కృత్రిమమైన వెలుగు వాడరాదు, రాత్రి వేటాడరాదు అని అందులో ఒక్కొక్కటిగా రాశారు. చదువుతుంటే ఎవరో మా జీపు ముందు నిలబడి, అమర్చిన వస్తువులను ఒక్కొక్కటే చూసి రాసుకున్నట్టు అనిపించింది. 1991 సవరణతో అనుమతి వేట అన్నదే ఎత్తివేశారు కనుక ఆ ప్రకరణం కూడా పోయింది. నేరానికి వాడిన వాహనం ప్రభుత్వపరమయ్యే నిబంధన మాత్రం ఉంది.

ఇప్పుడు మన అడవుల్లో పైకప్పు లేని బండ్లు కెమెరాలవాళ్ళను మోస్తున్నాయి. మారుతి జిప్సీ 1985లో వచ్చి మూడు దశాబ్దాలకు పైగా తయారైంది. దేశంలోని చాలా పులుల అభయారణ్యాల్లో యాత్రికుల బండి అదే అయింది. నల్లమలలో మన్ననూరు పైన ఫరహాబాదు దగ్గర, ఒకప్పటి నిజాముల వేట ప్రాంతంలో, అటవీశాఖ బండి ఎక్కి నేనూ ఒకసారి తిరిగాను. ఎత్తు చట్రం, నెమ్మది గేరు, తెరిచిన పైభాగం. అంతా షికారు కారు అమరికే. దీపం ఒక్కటి లేదు. పొద్దు వాలకముందే తిరిగి రావాలి. ఒక దుప్పి బండిని చూసి తల ఎత్తి, పారిపోకుండా మళ్ళీ మేతలో పడింది. బండికి అలవాటు పడింది. ఎద్దుబండిని నమ్మిన కృష్ణజింక గుర్తుకు వచ్చి నాకు కాసేపు మాట రాలేదు.

నాయనా, నువ్వు అడిగినదానికి ఇదీ జవాబు. అక్కడ అనుమతి ఉన్న వేట ఉంది. నీ ఇష్టాన్ని నేను కాదనను. జీపు కొంటే ముందు చక్రాల మీద ఖర్చుపెట్టు. గరుకు అంచులున్న మంచి టైర్లు, మెత్తటి నేలలో గాలి తగ్గించి, రోడ్డెక్కాక మళ్ళీ నింపుకోవడానికి ఒక చిన్న పంపు. తక్కువ గేరు పెట్టె సరిగా పడుతోందో లేదో చూసుకో. కింద పళ్ళెం రాళ్ళకు తగలకుండా ఇనుపరేకు వేయించు. తాడు, పార, రెండు రోజులకు సరిపడా నీళ్ళు ఎప్పుడూ ఉండాలి. ఒంటరిగా పోవద్దు. మనం ఎంత బరువు వేస్తే బండి అంత దిగబడుతుంది కనుక అక్కరలేనివి తగిలించవద్దు. తిప్పే దీపం అసలే వద్దు. రాత్రి దీపం వేసి జింకను కొట్టడం అక్కడా నేరమే. కాకపోయినా వద్దనే చెబుతాను. బండిని అడవి అంచున ఆపి, ఇంజను కట్టేసి, అక్కడి నుంచి నడువు. మీ తాతగారు నడిచారని మేమందరం నీకు చెప్పిన ఆ నడకను నువ్వైనా నడువు.

కొమ్ములను గోడ మీది నుంచి నేను దించలేదు. కింద చిన్న చీటీ మాత్రం అంటించాను. దాని మీద సంవత్సరం, స్థలం, జీపు, దీపం పట్టినవాడి పేరు ఉన్నాయి. ఈసారి వచ్చినప్పుడు చదువుకో. ఇది చదివిన మీ ఇళ్ళలోనూ అటువంటి కొమ్ములో, చర్మమో, పాత ఫోటోనో ఉంటే, ఆనాటి పెద్దలు ఎవరైనా ఇంకా మిగిలి ఉంటే, అసలేం జరిగిందో ఒక్కసారి అడిగి రాసిపెట్టండి. వాళ్ళు పోతే మిగిలేది కథే.